ఆ బంగ్లా గోడలల్ల ఎవలి పైసలున్నయి?

మొన్న మా ఊరి తమ్ముడొకడు ఫోన్ పట్టుకొచ్చి ఒక వీడియో చూపెట్టిండు. పచ్చటి గడ్డి. నడుమ చెరువు. చెరువు నడిమిట్ల చిన్న దీవి. ఆవల ఎత్తు మీద స్తంభాల బంగ్లా. ఇంగ్లండ్ ముచ్చట.

"అన్నా, మూడు వందల ఏండ్ల తోటంట. వాళ్లు ఎంత మంచిగ కాపాడుకున్నరో చూడు. మనోళ్లకు ఆ బుద్ధి ఏది?" అన్నడు.

నేను అప్పుడేమనలే. వాని మాటల అబద్ధం లేదు. మంచిగనే కాపాడుకున్నరు. కాని రాత్రి కూసొని ఆ బంగ్లా పేరు పట్టుకొని ఎతికిన. పేరు క్లేర్‌మాంట్. లండన్‌కు నైరుతి దిక్కున సర్రే జిల్లాల ఈషర్ అనే ఊరి పక్కన ఉంటది. దాని ఓనర్ల పేర్లు వరుసగ చదువుకుంట పోతున్న. మూడో పేరు కాడ వేలు ఆగిపోయింది.

రాబర్ట్ క్లైవ్.

బడిల సాంఘిక శాస్త్రం పుస్తకంల చదువుకున్నం గదా, ప్లాసీ యుద్ధం, 1757. ఆ క్లైవే. పరీక్షల రెండు మార్కుల జవాబు రాసి మర్చిపోయినోడు. ఆయన పైసలు ఎక్కడికి పోయినయో మనకు ఏ సారూ చెప్పలే. అవి పోయిన జాగలల్ల ఒకటి తమ్ముడు చూపెట్టిన వీడియోల ఉన్నది.

నేను పెద్ద చదువు చదివినోన్ని కాదు. ఇంగ్లండ్ మొఖం చూడలేదు. కాని ఇంగ్లండోళ్లది ఒక మంచి గుణమున్నది, కాయితం పారెయ్యరు. పార్లమెంట్ల ఎవలు ఏం మాట్లాడిండ్రు, ఎవలికి ఎంత ముట్టింది, ఇల్లు ఎవలు ఎవలికి అమ్మిండ్రు, అన్నీ దొరుకుతయి. ఆ కాయితాలు చదివితే ఒక్క ఇంటి కథల సగం ప్రపంచం కథ కనబడ్తది. అదే ఇయ్యాల మీకు చెప్త.

ఇల్లంటే ఉత్త ఇల్లు కాదు

ముందుగాల ఒక సంగతి సమజ్ చేసుకోవాలె. ఇంగ్లండ్‌ల "కంట్రీ హౌస్" అంటే పల్లెటూర్ల ఉన్న పెద్దిల్లు అని మాత్రమే కాదు. మన తెలంగాణల గడి అంటే ఏంది? ఉత్త గోడలా? కాదు గదా. గడి అంటే దాని చుట్టున్న భూమి, ఆ భూమి మీద కౌలు, ఆ కౌలు కట్టేటోళ్ల మీద పెత్తనం. అక్కడ సుత లెక్క అదే. బంగ్లా చుట్టు వందల, వేల ఎకరాలు. దున్నేటోళ్లు కౌలు కడ్తరు. ఆ కౌలు మీద దొర బతుకుతడు. లండన్‌ల పార్లమెంటు నడిచే కాలంల పట్నంల ఇంకో ఇంట్ల ఉంటడు, అది అయిపోంగనే పల్లెకు వస్తడు.

ఇంకో ముచ్చట. ఆ కాలంల ఓటు హక్కు కొంతమందికే. భూమి ఎవలిదైతే ఓట్లు చానా మట్టుకు వాళ్లు చెప్పిన దిక్కే పడ్తయి. అందుకనే వ్యాపారంల పైసలు సంపాయించినోడు చేసే మొదటి పని పల్లెల ఎస్టేటు కొనుడు. ఎస్టేటు కొంటే దొర అయితడు, దొర అయితే పార్లమెంటుకు తొవ్వ దొరుకుతది. పెద్ద బంగ్లా అంటే కొత్త పైసకు పాత పరువు తొడిగే అంగీ అన్నట్టు.

మొదటి ఇద్దరు

ఆ జాగల మొదటి ఇల్లు 1708ల కట్టిండ్రు. కట్టుకున్నది జాన్ వాన్‌బ్రా. ఈయన నాటకాలు రాసేటోడు, పెద్ద పెద్ద భవనాలకు నక్షలు గీసేటోడు. బ్లెన్‌హైమ్ అనే రాజభవనమసొంటిది ఈయన గీసిందే. తనకోసం మాత్రం చిన్న ఇల్లే కట్టుకున్నడు.

1714ల దాన్ని థామస్ పెల్హామ్-హోల్స్ అనే జమీందారుకు అమ్మిండు. ఈయన బిరుదు ఎర్ల్ ఆఫ్ క్లేర్. ఎత్తు మీద బురుజు కట్టిచ్చి దానికి తన బిరుదు మీదికెళ్లి "క్లేర్ మౌంట్" అని పేరు పెట్టిండు, అంటే క్లేర్ గుట్ట. అదే నోట్లె నలిగి క్లేర్‌మాంట్ అయింది. తర్వాత ఈయనకు న్యూకాజిల్ డ్యూక్ బిరుదు వచ్చింది, రెండుసార్లు ఇంగ్లండ్ ప్రధానమంత్రి సుత అయిండు. ప్లాసీ గెలుపు వార్త ఓడ మీద లండన్ చేరేనాటికి ప్రధాని ఈయననే.

వీడియోల కనబడ్డ తోట ఎక్కువ మట్టుకు ఈయన కాలంల పడ్డదే. చార్లెస్ బ్రిడ్జ్‌మాన్ అనే తోట పనిమంతుడు గుట్ట వాలును మెట్లు మెట్లుగ చెక్కిచ్చి గడ్డి పరిపిచ్చిండు. నాటకశాల ఆకారంల దాదాపు మూడెకరాల గడ్డి మెట్లు. ఇయ్యాల్టికి ఉన్నయి. తర్వాత విలియం కెంట్ అనేటాయన చెరువును పెంచి నడిమిట్ల దీవి పెట్టిండు. ఇద్దరి పేర్లు పుస్తకాలల్ల భద్రంగ ఉన్నయి. జేసీబీలు లేని ఆ కాలంల పార పట్టి మూడెకరాల గుట్టను మెట్లుగ చెక్కినోళ్ల పేర్లు మాత్రం ఆ వరుసల లేవు. ఈ సంగతి జర యాదిల పెట్టుకోండ్రి, మల్ల పని పడ్తది.

ఐదు పౌండ్ల గుమస్తా

1768ల న్యూకాజిల్ చచ్చిపోయిండు. ఆయన భార్య ఎస్టేటును అమ్మకానికి పెట్టింది. 1769ల కొన్నది క్లైవ్.

క్లైవ్ పుట్టుకతోని పెద్ద దొర కాదు. ఒక మోస్తరు భూమి ఉన్న ఇంటి కొడుకు. 1744ల ఈస్టిండియా కంపెనీల గుమస్తా కొలువు మీద మద్రాసుల దిగిండు. జీతం ఏడాదికి 5 పౌండ్లు. నెలకు కాదు, ఏడాదికి. ఆ తర్వాత కలం పడేసి తుపాకి పట్టిండు.

1757ల ప్లాసీల బెంగాల్ నవాబు సిరాజుద్దౌలాను దించి మీర్ జాఫర్‌ను గద్దె మీద కూసోబెట్టిండు. గద్దె ఎక్కినోడు ఊకె ఎక్కడు గదా. ఖజానా తలుపు తెరిచిండు. క్లైవ్ ఒక్కనికే ముట్టినది 2 లక్షల 34 వేల పౌండ్లు. ఇది నేను కోపంతోని చెప్పే అంకె కాదు, తర్వాత ఇంగ్లండ్ పార్లమెంటే రికార్డు చేసిన అంకె. దాని మీదికెళ్లి ఏడాదికి 27 వేల పౌండ్ల జాగీరు. ఆ జాగీరు ఏందంటే, కంపెనీ తన కింద ఉన్న భూములకు నవాబుకు కట్టాల్సిన కౌలు. అంటే కంపెనీల నౌకరి చేసే మనిషికి కంపెనీయే కౌలు కట్టాలె! నౌకరు దొర అయిండు, దొర కౌలుదారైండు.

ఇక్కడ మన తెలుగు నేల ముచ్చట వస్తది. ప్లాసీ అయిన మరుసటేడు క్లైవ్ బెంగాల్ నుంచి ఫోర్డ్ అనే కర్నలుకు ఫౌజునిచ్చి మన తీరానికి పంపిండు. అప్పుడు కోస్తాల ఫ్రెంచోళ్ల జోరు ఉండె. 1758 డిసెంబర్‌ల పిఠాపురం పక్కన చందుర్తి కాడ ఫ్రెంచోళ్లు ఓడిపోయిండ్రు. 1759 ఏప్రిల్‌ల మచిలీపట్నం కోట కంపెనీ చేతికి వచ్చింది.

మల్ల 1765. బక్సర్ యుద్ధంల ఓడిపోయి, ఢిల్లీ గద్దె మీద కూసునే సత్తువ లేక, మొగల్ బాద్షా షా ఆలం అలహాబాద్‌ల ఉన్నడు. క్లైవ్ పోయి ఆయన చేతుల నుంచి కాయితాలు రాపిచ్చుకున్నడు. 1765 ఆగస్టు 12. ఒక కాయితంతోని బెంగాల్, బీహార్, ఒడిశాల దివానీ, అంటే శిస్తు వసూలు చేసే హక్కు కంపెనీకి వచ్చింది. ఇంకో కాయితంతోని ఉత్తర సర్కారులు వచ్చినయి. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. ఆ జిల్లాల రైతు ఒక్కడు సుత ఆ డేరాల లేడు. ఆ భూమి మీద పెత్తనం ఉన్న హైదరాబాద్ నిజాం సుత అక్కడ లేడు. నిజాం అలీ ఖాన్ ఒప్పుకోలే. అయితే మరుసటేడు, 1766 నవంబర్‌ల, ఏడాదికింత సొమ్ము కడ్తమని, పనిపడ్డప్పుడు ఫౌజునిస్తమని కంపెనీ ఒప్పందం రాసుకుంటే ఆయన సుత సంతకం చేసిండు. ఇద్దరు దొరలు కూసొని ఊర్లకు ఊర్లు మార్చుకునే పద్ధతి అది.

సర్కారు జిల్లాల శిస్తు క్లైవ్ జేబుల పడలే, కంపెనీ ఖాతాల పడ్డది. ఈ మాట చెప్పకపోతే మనం సుత అబద్ధం ఆడినట్టే. క్లైవ్ సొంత ఆస్తి ఎక్కువ మట్టుకు బెంగాల్‌ది. దాన్ని ఇంగ్లండ్ చేరేసుడు సుత ఒక పనే. కొంత డచ్చి కంపెనీ హుండీల మీద పంపిండు, కొంత మద్రాసుల వజ్రాలు కొనిపిచ్చి పంపిండు. ఆ కాలంల మద్రాసు వజ్రాల బజారుకు సరుకు మన కృష్ణా ఒడ్డు గనుల నుంచి సుత పోయేది. ఏ ఇటుకకు ఏ ఊరి పైస అని గీత గీసుడు కుదరదు. పైసలు నీళ్లసొంటియి, ఒక్క కుండల పోసినంక ఏది ఏ బాయిదో తెలువదు. కాని కుండ ఎవలిది, తోడింది ఎవలు అన్నది తెలుస్తది.

గోడలు లేస్తున్న ఏండ్లు

క్లైవ్ క్లేర్‌మాంట్‌ను కొన్నంక పాత ఇల్లు కూలగొట్టిచ్చిండు. అది పల్లంల ఉన్నది, తేమ పడ్తది అని. కొంచెం ఎత్తు మీద కొత్త బంగ్లా మొదలుపెట్టిచ్చిండు. ఆ పని లాన్సెలాట్ బ్రౌన్‌ది. తోటలు వేసుట్ల ఆ కాలంల ఆయనను మించినోడు లేడు, "కేపబిలిటీ" బ్రౌన్ అని పిలిచేటోళ్లు. ఆయనతోని హెన్రీ హాలండ్ అనే పడుచు నక్షల పనిమంతుడు. ఇల్లు, తోట కలిపి ఖర్చు లక్ష పౌండ్లు దాటిందని చెప్తరు. మద్రాసుల దిగినప్పటి జీతం లెక్క తీస్తే, అది 20 వేల ఏండ్ల జీతం.

ఇప్పుడు తారీఖులు పక్క పక్కన పెట్టి చూడండ్రి. ఎస్టేటు కొన్నది 1769. బెంగాల్‌ల వానలు పడక పంటలు పోయింది 1769. 1770ల మహా కరువు. మూడొంతులల్ల ఒక వంతు జనం, కోటి దాక చచ్చిపోయిండ్రని అప్పటి అంచనా. తర్వాతి చరిత్రకారులల్ల కొందరు తక్కువ లెక్క చెప్తరు. తక్కువ లెక్క తీసుకున్నా లక్షల మంది. వారెన్ హేస్టింగ్స్ 1772ల కంపెనీకి రాసిన లేఖల ఒక మాటున్నది: అంతమంది చచ్చినంక సుత 1771ల శిస్తు వసూలు, కరువుకు ముందటి 1768 వసూలు కంటే ఎక్కువనే ఉన్నదని. సచ్చినోళ్ల బాకీ బతికినోళ్ల మీద వేసి గుంజిండ్రు.

వానలు పడకపోవుడు క్లైవ్ తప్పు కాదు. కరువు వచ్చేటాళ్లకు ఆయన ఇండియాల సుత లేడు, 1767ల్నే ఎళ్లిపోయిండు. కాని శిస్తు వసూలు కంపెనీ చేతిల పెట్టే కాయితం రాపిచ్చింది ఆయననే. రాజు అన్నోడు కరువుల శిస్తు ఆపకపోతే వచ్చే ఏడు దున్నేటోడు ఉండడని భయపడ్తడు. కంపెనీకి లండన్‌ల వాటాదారులకు లాభం పంచాలన్న భయం ఒక్కటే. ఈ తేడా ఎంతమందిని చంపిందో బెంగాల్ చూసింది.

ఇంగ్లండ్ల సుత జనానికి అనుమానం ఉండె. ఇండియాల సంపాయించి వచ్చినోళ్లను అక్కడ "నాబాబ్" అని ఎక్కిరిచ్చేటోళ్లు, మన నవాబు అన్న మాటనే. మెకాలే 1840ల క్లైవ్ మీద రాసిన వ్యాసంల ఒక ముచ్చట ఉన్నది. క్లేర్‌మాంట్ గోడలు లేస్తుంటే చుట్టుపక్కల పల్లె జనం భయంతోని చూసేటోళ్లంట. ఆ పాపిష్టి దొర గోడలు అంత మందంగ ఎందుకు కట్టిపిస్తున్నడంటే, ఏదో ఒకనాడు దయ్యం వచ్చి ఎత్తుకపోతదన్న భయానికే అని గుసగుసలాడేటోళ్లంట. మెకాలే మన దేశంల ఇంగ్లీషు చదువు పెట్టిచ్చిన మనిషి, క్లైవ్‌ను మెచ్చుకునే మనిషి. ఆయన సుత ఈ ముచ్చటను దాచలేదు. చదువు రాని సర్రే కూలి మనుషులు, బెంగాల్ ఏడున్నదో తెల్వకున్నా, గోడ చూసి పైసల వాసన పట్టిండ్రు.

1772, 73లల్ల పార్లమెంటు క్లైవ్‌ను నిలదీసింది. ముర్షిదాబాద్ ఖజానాల బంగారం, రత్నాల కుప్పల నడుమ నిలబడ్డ సంగతి చెప్పి, అంత ఉండంగ నేను అంతే తీసుకున్న, నా నిగ్రహం చూసి నాకే ఆశ్చర్యమైతున్నది అన్నట్టు జవాబిచ్చిండు. 1773 మే నెలల తీర్పు వచ్చింది. 2 లక్షల 34 వేల పౌండ్లు తీసుకున్న మాట నిజమే, అయితే దేశానికి గొప్ప సేవ చేసిండు అని. పైసలు వాపస్ ఇయ్యమని ఎవలూ అనలే.

1774 నవంబర్ 22న క్లైవ్ లండన్ ఇంట్ల చచ్చిపోయిండు. వయసు 49. తన చేతితోని తనే ప్రాణం తీసుకున్నడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. క్లేర్‌మాంట్ అప్పటికి పూర్తి కావస్తున్నది. ఆ ఇంట్ల ఆయన కాపురం చెయ్యలేదు.

బెంగాల్ పైస పోయి, జమైకా పైస

ఆ తర్వాత ఇద్దరు దొరల చేతులు మారి, బంగ్లా చార్లెస్ రోజ్ ఎల్లిస్ చేతికి వచ్చింది. ఈయన పార్లమెంటు సభ్యుడు. ఈయన ఆస్తి ఎక్కడిది? సముద్రం అవతల జమైకాది. అక్కడ చెరుకు తోటలు, తోటలల్ల ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు, వాళ్ల పిల్లలు. బానిసత్వం మీద బతికే తోటల ఓనర్లకు పార్లమెంటుల పెద్ద గొంతు ఈయనదే.

అంటే ఒక్కటే బంగ్లాల మొదలు బెంగాల్ శిస్తు, ఆ తర్వాత జమైకా చక్కెర. పేర్లు మారినయి, బాట అదే.

1831 క్రిస్మస్ పండుగకు జమైకా బానిసలు తిరగబడ్డరు. ఎల్లిస్ తోటలున్న మాంట్‌పెలియర్ కాడ సుత కొట్లాట అయింది. ముందల నడిచిన సామ్యూల్ షార్ప్‌ను 1832ల ఉరి తీసిండ్రు. 1833ల బానిసత్వం రద్దు చట్టం వచ్చింది. దానితోని ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారం పెట్టింది. ఎవలికి? కొరడా దెబ్బలు తిన్నోళ్లకు కాదు, ఓనర్లకు. బానిసలకు పైస సుత రాలే. ఆ పరిహారం కోసం తెచ్చిన అప్పు బాకీ ఇంగ్లండ్ ప్రభుత్వం 2015 దాక కట్టుకుంట వచ్చింది. బానిసల మనుమల మనుమలు సుత ఇంగ్లండ్ల పన్నులు కట్టి ఆ అప్పు తీర్చినట్టే గదా! ఇది చదివిన రోజు నాకు అన్నం సైసలే.

ఒక బాలింత చావు

1816ల ఎల్లిస్ నుంచి క్లేర్‌మాంట్‌ను ప్రభుత్వమే కొన్నది. సుమారు 60 వేల పౌండ్లు, జనం సొమ్ము. ఎందుకంటే రాజకుమారి షార్లెట్ లగ్గానికి దేశం ఇచ్చే కానుక అన్నరు. తండ్రి తర్వాత గద్దె ఎక్కాల్సింది ఈమెనే. పెండ్లికొడుకు లియోపోల్డ్, జర్మనీ దిక్కు చిన్న రాజ్యం రాకుమారుడు.

ఏడాదిన్నరే కాపురం సాగింది. 1817 నవంబర్‌ల నొప్పులు మొదలైనయి. రెండు రోజులు దాటినయి. సచ్చిన మగశిశువు పుట్టిండు. కొన్ని గంటలకు తల్లి సుత పోయింది. వయసు 21. చుట్టు రాజవైద్యులు, ఎనకాల రాజ్యం, తలాపున పట్టు పరుపులు. మన ఊర్లల్ల అంబులెన్స్ అందక పోయిన బాలింత చావుకు, ఈ చావుకు నొప్పిల తేడా లేదు. పురుడు పోసిన డాక్టరు సర్ రిచర్డ్ క్రాఫ్ట్ మూడు నెలలకు తుపాకితోని కాల్చుకొని చచ్చిపోయిండు.

ఈ చావు తోని చరిత్ర మలుపు తిరిగింది. గద్దెకు వారసులు లేకపోతే ఎట్ల అని, ముసలితనం మీద పడ్తున్న రాజు కొడుకులు ఉరికి ఉరికి లగ్గాలు చేసుకున్నరు. అందులొకడు కెంట్ డ్యూక్. ఆయన చేసుకున్నది ఈ లియోపోల్డ్ చెల్లె అక్కలల్ల ఒకామెనే. వాళ్లకు 1819ల పుట్టిన బిడ్డ విక్టోరియా. 1858ల కంపెనీ పాలన తీసేసి మన దేశాన్ని తన పేరు మీదికి తీసుకున్న రాణి ఆమెనే. క్లేర్‌మాంట్ల ఆ పిల్ల తల్లి బతికి ఉంటే విక్టోరియా రాణి అయ్యేది కాదు, అసలు పుట్టేదో లేదో. దూరపు ఇంట్ల తలుపు చప్పుడు మన కచేరి కాయితాల మీద వినబడుడంటే ఇదే.

లియోపోల్డ్ 1831ల బెల్జియం రాజైండు. ఆయన రెండో లగ్గంల పుట్టిన కొడుకు రెండో లియోపోల్డ్. కాంగోల రబ్బరు కోసం నల్ల మనుషుల చేతులు నరికిన పాలన ఆయనదే.

పారిపోయి వచ్చిన రాజు, పేరు కొట్టేసిన దొర

మిగిలిన కథ జల్ది చెప్త. 1848ల ప్యారిస్ జనం తిరగబడ్తే ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ "మిస్టర్ స్మిత్" అని దొంగపేరు పెట్టుకొని ఇంగ్లండ్‌కు పారిపోయి వచ్చిండు. విక్టోరియా ఆయనకు క్లేర్‌మాంట్‌ల జాగ ఇప్పిచ్చింది. అక్కడ ఆయన ఇంటోళ్లందరికి కడుపునొప్పి. డాక్టరు చూస్తే తాగే నీళ్లల్ల సీసం ఉన్నదని తేలింది. తిరుగుబాటు నుంచి తప్పిచ్చుకున్నోళ్లు ఇంటి నీళ్ల నుంచి తప్పిచ్చుకోలే. 1850ల ఆయన అక్కడ్నే కన్ను మూసిండు.

1882ల విక్టోరియా తన చిన్న కొడుక్కు, ఆల్బనీ డ్యూకుకు, లగ్గం చేసి ఈ ఇల్లు ఇచ్చింది. రెండేండ్లకే ఆయన చచ్చిపోయిండు. ఆయన పోయినంక, 1884ల, ఈ ఇంట్ల్నే పుట్టినోడు చార్లెస్ ఎడ్వర్డ్. 16 ఏండ్ల వయసుల చుట్టరికం లెక్కన జర్మనీల ఒక రాజ్యానికి డ్యూక్ చేసి కూసోబెట్టిండ్రు. మొదటి ప్రపంచ యుద్ధం రానే వచ్చింది. ఆయన జర్మనీ దిక్కు నిలబడ్డడు. ఇంగ్లండ్ 1917ల చట్టం తెచ్చి, 1919ల ఆయన ఇంగ్లీషు బిరుదులు కొట్టేసింది. 1922ల తల్లి చచ్చిపోతే ఇల్లు ఆయనకు రావాలె. ఇయ్యలే. సర్కారు తీసుకొని అమ్మేసింది. తర్వాత ఆయన హిట్లర్ పార్టీల చేరి పెద్ద పదవులల్ల కూసున్నడు.

ఒక్క మాట గమనించిండ్రా? తమ శత్రువు అనుకుంటే సొంత రాణి మనుమని ఇల్లు సుత గుంజుకోవచ్చని ఇంగ్లండ్ చట్టానికి తెలుసు. అంటే "ఎప్పటిదో ఆస్తి, ఇప్పుడు అడుగుడేంది" అనే మాట అందరికీ ఒక్కతీర్గ వర్తించదు. ఎవల్ని అడగాల్నో వాళ్లే తేల్చుకుంటరు.

ఆ తర్వాత ఓడల కంపెనీ డైరెక్టరు ఒకాయన కొన్నడు, ఆయన పోయినంక ఒక జర్మన్ ఫైనాన్సు వ్యాపారి కొన్నడు. 1930ల బంగ్లా ఖాళీగ పడి కూలగొట్టే గతికి వచ్చింది. అప్పుడు ఒక బడి దాన్ని కొన్నది. రెండో ప్రపంచ యుద్ధంల హాకర్ విమానాల కంపెనీ నక్షల ఆఫీసు ఇండ్ల నడిచింది. యుద్ధం అయిపోయినంక మల్ల బడి. ఇయ్యాల్టికి ఫీజులు కట్టే ప్రైవేటు బడే. తోటల 50 ఎకరాలు 1949ల నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చినయి. టికెట్ కొని ఎవలైనా తిరగొచ్చు. తమ్ముని వీడియోల ఉన్నది ఆ తోటనే.

అయితే ఏం చెయ్యాలె?

ఇదంతా చెప్పి "కూలగొట్టుండ్రి" అని నేనంట అనుకోవద్దు. ఆ గడ్డి మెట్లు చెక్కిన కూలోని చెమట సుత అండ్ల ఉన్నది. ఉండాలె. కాని పక్కన బోర్డు మీద కథ పూర్తిగ రాయాలె. తోట ఎవలు డిజైన్ చేసిండ్రో రాసి, పైసలు ఎక్కడివో రాయకపోతే అది సగం బోర్డే.

అక్కడ ఆ పని మొదలైంది సుత. 2020ల నేషనల్ ట్రస్ట్ తన చేతికింద ఉన్న జాగలల్ల 93 చోట్లకు బానిసత్వంతోని, వలస పాలనతోని సంబంధం ఉన్నదని రిపోర్టు ఇచ్చింది. ఆ దేశంల చానా మంది గరమైండ్రు. మా చరిత్రను చెడగొడ్తున్నరు అన్నరు. చరిత్ర చెప్పుడు వేరు, చరిత్ర చెడగొట్టుడు వేరు. కాయితంల ఉన్నది చదివి వినిపిస్తే పరువు పోతదంటే, ఆ పరువు కాయితం దాచినన్నాళ్లే ఉంటదన్నట్టు.

మల్ల మా తమ్ముని కాడికి పోయిన. నేను చదివింది చెప్పిన. వాడు కొంచెంసేపు ఊకున్నడు. "అయితే మంచిగ కాపాడుకున్నరు అన్నది తప్పా అన్నా?" అని అడిగిండు.

తప్పు కాదు అన్న. కాకపోతే కాపాడుకోవాలంటే ముందుగాల చేతుల మిగులు ఉండాలె. మిగులు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవలి ఇంట్ల తక్కువ పడితే ఇక్కడ మిగిలింది అని అడగకుండ "వాళ్లకు బుద్ధి ఉన్నది, మనకు లేదు" అంటే, దోచుకున్నోని లెక్కల పుస్తకాన్ని మనమే తుడిచిపెట్టినట్టు.

ఎక్కడ పెద్దిల్లు కనబడ్డా మూడు మాటలు అడుగుండ్రి. పైసలు ఎక్కడివి? కష్టం ఎవలిది? రాతల ఎవలి పేరు లేదు? సర్రే బంగ్లా అయినా, మన మండలంల కూలిపోయిన గడి అయినా, రేపు మీ ఊరి పక్కన లేచే ఫాంహౌస్ అయినా. పాత పహాణీలు తీయుండ్రి. ముసలోళ్లను కూసోబెట్టి మాట్లాడిపియ్యుండ్రి, ఫోన్ల రికార్డు చెయ్యుండ్రి. ఇంగ్లండోళ్లు కాయితం పారెయ్యలేదు కాబట్టే వాళ్ల గోడల లెక్క మనకు దొరికింది. మన లెక్క మనం రాసి పెట్టకపోతే రేపు మన మనుమలకు ఒట్టి వీడియోనే మిగుల్తది. పచ్చటి గడ్డి, స్తంభాల బంగ్లా, మనుషులు లేని చరిత్ర.